బోస్టన్ పిల్లల ఆసుపత్రి, భీమవరం డాక్టరు

ఈసారి చరిత్ర రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది. టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు ఒక మాట చూద్దాం. మా ఇంట్లో ‘ఆసుపత్రి’ అనేవాళ్ళు. యూరప్ వాళ్ళ హాస్పిటల్ అనే మాటే మన నోళ్ళలో నలిగి నలిగి అలా అయింది. హైదరాబాదులో ‘దవాఖానా’ అంటారు. దవా అంటే మందు, ఖానా అంటే ఇల్లు. అంటే మందు దొరికే ఇల్లు. ఈ రెండో మాట నాకు ఎక్కువ ఇష్టం. ఈ రోజు చెప్పబోయేది కూడా ఒక మందు కథే. కానీ ఆ మందు ఉన్న ఇల్లు ముందు తెలియాలి.

ఆ ఇల్లు బోస్టన్‌లో ఉంది. ఇప్పుడు అందరూ బోస్టన్ చిల్డ్రన్స్ అంటారు. 1869లో మొదలైంది. మొదలుపెట్టిన వాళ్ళలో ముఖ్యుడు ఫ్రాన్సిస్ హెన్రీ బ్రౌన్ అనే డాక్టరు. అమెరికా అంతర్యుద్ధంలో ఆయన సైన్యంలో సర్జన్‌గా పనిచేశాడు. అంతర్యుద్ధం అంటే ఒకే దేశం వాళ్ళు తమలో తాము చేసుకునే యుద్ధం. యుద్ధం అయ్యాక ఆయన యూరప్ వెళ్ళి అక్కడ పిల్లలకు వైద్యం ఎలా చేస్తున్నారో చూసి వచ్చాడు. పారిస్‌లో 1802 నుంచే పిల్లల ఆసుపత్రి ఉంది. లండన్‌లో 1852లో పెట్టారు. అమెరికాలోనే ఫిలడెల్ఫియా 1855లో మొదలుపెట్టింది. బోస్టన్ కొంచెం ఆలస్యం. సౌత్ ఎండ్ పేటలో రట్లండ్ వీధిలో ఒక మామూలు ఇల్లు తీసుకుని 20 మంచాలు వేశారు. మొదటి రోగి చెయ్యి విరిగిన 7 ఏళ్ళ అమ్మాయి.

పిల్లలకు వేరే ఆసుపత్రి ఎందుకు? పెద్దవాళ్ళ వార్డులో ఒక మూల చిన్న మంచం వేస్తే చాలదా? అప్పట్లో చాలామంది అలాగే అనుకున్నారు. కానీ పిల్లలు సైజు తగ్గించిన పెద్దవాళ్ళు కారు. వాళ్ళకు వచ్చే జబ్బులు వేరు, మందు మోతాదు వేరు. మోతాదు అంటే డోసు. ఎక్కడ నొప్పో చెప్పలేరు. ఇంకొకటి, పాలు. ఆ రోజుల్లో ఎండాకాలం వస్తే ఊళ్ళో పాలు పాడయ్యేవి. ఆ పాలు తాగి పసిపిల్లలు విరేచనాలతో చనిపోయేవారు. అందుకని ఇక్కడ 1891లో క్రిములు లేని పాలు తయారుచేసే లేబొరేటరీ పెట్టారు. థామస్ మోర్గన్ రాచ్ అనే డాక్టరు దాని వెనక ఉన్నాడు. ఆసుపత్రిలో పరిశోధన అంటే మనకు మైక్రోస్కోపులు గుర్తొస్తాయి. ఇక్కడ అది పాల గిన్నె దగ్గర మొదలైంది. నాకు ఆ సంగతి బాగా నచ్చింది.

1903లో హార్వర్డ్ మెడికల్ స్కూల్‌తో సంబంధం కలిసింది. 1914లో ఆసుపత్రి లాంగ్‌వుడ్ అనే చోటికి మారింది, హార్వర్డ్ మెడికల్ స్కూల్ పక్కకే. ఈ ‘పక్కకే’ అన్నది చిన్న మాట కాదు. వార్డులో జబ్బు చూసిన డాక్టరు రోడ్డు దాటితే లేబొరేటరీ. లేబొరేటరీలో పనిచేసేవాడు మధ్యాహ్నం వచ్చి విద్యార్థులకు పాఠం చెప్తాడు. వైద్యం, పరిశోధన, చదువు, ఈ మూడూ ఒకే వంటింట్లో మూడు పొయ్యిల మీద ఉడుకుతున్నట్టు ఉండేది. ఒక గిన్నెలోంచి గరిటె తీసి ఇంకో గిన్నెలో పెట్టడం సులువు.

ఆ వంటింట్లోంచి వచ్చినవి కొన్ని గబగబా చెప్తాను. 1928లో ఐరన్ లంగ్ అనే ఇనుప పెట్టెను మొదటిసారి ఇక్కడే వాడారు. పోలియోతో ఊపిరి ఆడని 8 ఏళ్ళ అమ్మాయిని అందులో పడుకోబెట్టారు. 1949లో జాన్ ఎండర్స్, థామస్ వెల్లర్, ఫ్రెడరిక్ రాబిన్స్ పోలియో వైరస్‌ను నరాలు కాని కణాల్లో పెంచారు. కణం అంటే సెల్. అది కుదిరింది కాబట్టే తరువాత పోలియో టీకా సాధ్యమైంది. 1954లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

1938 సంగతి దగ్గర మాత్రం కాసేపు ఆగుదాం. రాబర్ట్ గ్రాస్ అనే కుర్ర సర్జన్ ఉండేవాడు. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ గుండె దగ్గర ఒక చిన్న రక్తనాళం తెరిచి ఉంటుంది. పుట్టాక అది మూసుకుపోవాలి. కొందరికి మూసుకోదు. దాన్ని దారంతో కట్టేస్తే చాలని గ్రాస్ నమ్మాడు. ఆయన పై అధికారి విలియం లాడ్. అమెరికాలో పిల్లల సర్జరీకి పెద్దాయన. ఆయన వద్దన్నాడంటారు. లాడ్ ఊళ్ళో లేనప్పుడు, ఆగస్టులో, గ్రాస్ 7 ఏళ్ళ అమ్మాయికి ఆ ఆపరేషన్ చేశాడు. అమ్మాయి బతికింది. చాలా ఏళ్ళు బతికింది.

ఈ కథ చెప్పగానే అందరూ చప్పట్లు కొడతారు. నేను కొట్టలేను. ఆ అమ్మాయి బతకకపోయి ఉంటే మనం గ్రాస్‌ను ఏమని పిలిచేవాళ్ళం? పిల్లల ఆసుపత్రి చరిత్రలో ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఎవరూ చెయ్యనిది మొదటిసారి ఒక పిల్ల మీద చెయ్యాలి. ఆ పిల్ల సంతకం పెట్టలేదు. సంతకం పెట్టే అమ్మానాన్నలకు ఏమీ తెలియదు. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఆ ప్రశ్నతోనే చదవండి.

ఆసుపత్రి నేలమాళిగలో ఒక చిన్న గది ఉండేది. నేలమాళిగ అంటే బేస్‌మెంట్. మన ఊళ్ళలో బేస్‌మెంట్ ఉండదు కదా, అందుకే ఈ మాట పాత రాజుల కథల్లోనే కనిపిస్తుంది. ఆ గదిలో సిడ్నీ ఫార్బర్ పనిచేసేవాడు. ఆయన పాథాలజిస్టు. అంటే బతికున్న పిల్లలకు మందిచ్చే డాక్టరు కాదు, చనిపోయిన పిల్లలకు ఏమైందో చూసే డాక్టరు. దాదాపు 20 ఏళ్ళు ఆయన అదే పని చేశాడు. పైన వార్డులో ఉన్న పిల్లలు ఒకరి తరువాత ఒకరు కిందికి వచ్చేవారు. వాళ్ళలో ల్యుకేమియా పిల్లలు ఉండేవారు. ల్యుకేమియా అంటే రక్తానికి వచ్చే క్యాన్సర్. ఎముక మూలుగలో తెల్ల కణాలు పక్వానికి రాకుండానే లెక్క లేకుండా పుడతాయి. అప్పట్లో ఈ జబ్బు పేరు విన్న తల్లిదండ్రులకు వారాలు, మహా అయితే కొన్ని నెలలు మిగిలేవి. రక్తం ఎక్కించేవారు. ఇంటికి తీసుకెళ్ళండి అనేవారు.

ఫార్బర్ కిందనుంచి పైకి రావాలనుకున్నాడు.

ఇక్కడ ఒక విటమిన్ కథలోకి వస్తుంది. ఫోలిక్ యాసిడ్. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. 1941లో పాలకూర నుంచి దాన్ని తీశారు కాబట్టి ఆ పేరు పెట్టారు. కానీ దాని జాడ అంతకు ముందే మన దేశంలో దొరికింది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనత మీద పనిచేసింది. ఈస్టుతో చేసే మార్మైట్ పెడితే వాళ్ళకు రక్తం పడుతోందని 1931లో రాసింది. ఈస్టులో ఉన్న ఆ తెలియని వస్తువే తరువాత ఫోలిక్ యాసిడ్ అని తేలింది.

రక్తహీనతలో మూలుగ ఆగిపోతుంది. ఫోలిక్ యాసిడ్ ఇస్తే మళ్ళీ కదులుతుంది. ల్యుకేమియాలో కూడా మూలుగ పాడైంది కదా, ఇచ్చి చూద్దాం అనుకున్నాడు ఫార్బర్. తర్కం బాగానే ఉంది. ఇచ్చాడు. జబ్బు తగ్గలేదు, ఇంకా జోరందుకుంది. నిప్పు మీద నీళ్ళనుకుని నెయ్యి పోసినట్టు. ఆ పిల్లలు ఎలాగూ బతికేవారు కాదు అని పుస్తకాల్లో ఒక్క వాక్యంలో రాస్తారు. ఆ వాక్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. వాళ్ళకు మిగిలినవి కొన్ని వారాలే కావచ్చు. అవి వాళ్ళవి.

అయితే ఫార్బర్ ఆ చెడు ఫలితాన్ని దాచిపెట్టలేదు, దాన్ని తిరగేసి ఆలోచించాడు. ఫోలిక్ యాసిడ్ ఈ కణాలకు మేత అయితే, ఆ మేత ఆపేస్తే? దానికి ఒక విరుగుడు కావాలి. విరుగుడు అంటే విషాన్ని విరిచే మందు. పాము కాటు కథల్లో మీరు విని ఉంటారు. ఇక్కడ తమాషా ఏమిటంటే, విరుగుడే విషం లాంటిది. తాళంచెవి ఉదాహరణ చెప్తాను. ఫోలిక్ యాసిడ్ సరైన తాళంచెవి. దానికి అచ్చం అలాగే ఉండి, తాళంలో దూరి, తిరగకుండా ఇరుక్కుపోయే దొంగ తాళంచెవి ఒకటి చెయ్యాలి. అప్పుడు అసలు తాళంచెవి లోపలికి పోలేదు. కణం కొత్త డీఎన్ఏ చేసుకోలేదు.

ఆ దొంగ తాళంచెవి ఫార్బర్‌కు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ నుంచి వచ్చింది, లెడర్లే అనే మందుల కంపెనీ నుంచి. అక్కడ పరిశోధన విభాగానికి పెద్ద ఎల్లాప్రగడ సుబ్బారావు.

ఈ పేరు మీలో కొందరు విని ఉంటారు. మా స్కూల్లో అయితే ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషు మీడియం, న్యూటన్, ఎడిసన్, అంతే. ఆయన 1895లో భీమవరంలో పుట్టాడు. పేద ఇల్లు. తోడబుట్టినవాళ్ళను సంగ్రహణి తీసుకుపోయింది. సంగ్రహణి అంటే తిన్నది ఒంటబట్టకుండా విరేచనాలతో మనిషి ఎండిపోయే జబ్బు. ఆ జబ్బుకు ఫోలిక్ యాసిడ్ పనిచేస్తుందని చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివాడు. అవి గాంధీగారి రోజులు. ఖద్దరు బట్టలతో వచ్చాడని ఇంగ్లీషు ప్రొఫెసరుకు కోపం వచ్చిందని, అందుకే పూర్తి డిగ్రీ ఇవ్వకుండా కింది డిగ్రీతో సరిపెట్టారని ఆయన జీవితం రాసినవాళ్ళు చెప్తారు. మామగారు, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ డబ్బు సాయం చేస్తే 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగాడు. ఇండియా డిగ్రీతో ఇక్కడ డాక్టరు పని ఇవ్వరు కదా. రాత్రిపూట పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో పోర్టరు పని చేశాడు. తలుపులు తీయడం, దుప్పట్లు మార్చడం, రోగుల మూత్రం గిన్నెలు కడగడం. ఆ బ్రిగమ్ ఆసుపత్రి పిల్లల ఆసుపత్రికి పక్కనే. ఒకే పేట. ఆయన గిన్నెలు కడిగిన చోటు నుంచి ఫార్బర్ నేలమాళిగకు నడిచి పోవచ్చు.

తరువాత హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కె దగ్గర చేరాడు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. దాన్ని ఇప్పటికీ ఫిస్కె-సుబ్బారావు పద్ధతి అంటారు. కండరాలకు శక్తి ఇచ్చే వస్తువుల మీద కూడా వాళ్ళు పెద్ద పని చేశారు. అయినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లేకి వెళ్ళిపోయాడు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను లేబొరేటరీలో తయారుచేసింది. అసలు తాళంచెవి చెయ్యడం వస్తే దొంగది చెయ్యడం కూడా వస్తుంది. ఒకచోట చిన్న మార్పు, ఇంకోచోట చిన్న మార్పు. అలా వచ్చిన వాటిలో ఒకటి అమినోప్టెరిన్.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాట్సాప్‌లో ఏటా ఒక మెసేజ్ తిరుగుతుంది. క్యాన్సర్ మందు మొత్తం సుబ్బారావుగారు ఒక్కరే కనిపెట్టారని, అమెరికా వాళ్ళు దొంగిలించారని. దయచేసి దాన్ని పంపకండి. అంతకు ముందే, 1940ల మొదట్లో, యేల్ యూనివర్సిటీలో పెద్దవాళ్ళ క్యాన్సర్లకు నైట్రోజన్ మస్టర్డ్ ఇచ్చి చూశారు. అమినోప్టెరిన్ తయారీ పేపర్లో మొదటి పేరు డోరిస్ సీగర్ అనే ఆవిడది. సుబ్బారావుగారు చేసింది తక్కువేం కాదు. ఏ దారిలో పోవాలో చూపించాడు, మనుషులను కూడగట్టాడు, కంపెనీని ఒప్పించాడు. ఉన్నదే చాలా పెద్దది. దానికి రంగు పూయక్కర్లేదు.

1947 చివర్లో ఫార్బర్ అమినోప్టెరిన్ మొదలుపెట్టాడు. ఆసుపత్రిలో అందరికీ నచ్చలేదు. చావుకు దగ్గరగా ఉన్న పిల్లలను ప్రశాంతంగా పోనివ్వకుండా విషం ఎక్కిస్తున్నాడని కుర్ర డాక్టర్లు సణిగారు. మందు నోరంతా పుండ్లు చేసేది. మాటిమాటికీ సూదితో మూలుగ తీసి చూడాలి. అది చాలా నొప్పి. ఆ కుర్ర డాక్టర్లు అన్నది తప్పని నేను అనుకోను. అలా అనేవాళ్ళు ఉండటం మంచిదే. అలాంటి పరీక్షలకు ముందు ఒక కమిటీ చూసి ఒప్పుకోవాలన్న ఫెడరల్ చట్టం 1974లో గానీ రాలేదు. అప్పటిదాకా డాక్టరు మనస్సాక్షే కమిటీ.

కొన్ని వారాల్లో వార్డులో అంతకు ముందు ఎవరూ చూడనిది కనిపించింది. తెల్ల కణాలు తగ్గాయి. ఉబ్బిన పొట్టలు దిగాయి. మంచం దిగలేని పిల్లలు నడిచారు. 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫార్బర్, లూయిస్ డయమండ్, ఇంకా ముగ్గురు కలిసి పేపరు రాశారు. 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి గుణం కనిపించింది. పేపరు పేరులో మొదటి మాట ‘తాత్కాలికం’ అని అర్థం వచ్చే మాట. తాత్కాలికం అంటే కొద్దికాలమే ఉండేది. తగ్గిన జబ్బు నెలల్లో తిరిగి వచ్చింది, పిల్లలు పోయారు. గొప్పలు చెప్పుకోవడానికి అంత మంచి అవకాశం ఉన్నా ఆ మాటను పేరులోనే పెట్టినందుకు ఫార్బర్ మీద నాకు గౌరవం. చాలామంది డాక్టర్లు నమ్మలేదు కూడా.

పేపరు రాసినవాళ్ళలో సుబ్బారావుగారి పేరు లేదు. అది వచ్చిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, పెర్ల్ రివర్‌లో ఆయన గుండెపోటుతో చనిపోయాడు. వయసు 53.

అదే ఏడాది మేలో రేడియోలో ఇంకొకటి జరిగింది. ఫార్బర్ రోగుల్లో ఒక అబ్బాయిని, అసలు పేరు చెప్పకుండా జిమ్మీ అని పిలిచి, రేడియోలో మాట్లాడించారు. బోస్టన్ బ్రేవ్స్ బేస్‌బాల్ ఆటగాళ్ళు అతని మంచం దగ్గరికే వచ్చారు. అతనికి ఒక టీవీ కొనడానికి డబ్బు పంపమని అడిగితే 2 లక్షల డాలర్లకు పైగా వచ్చింది. జనం పిల్లల క్యాన్సర్‌కు అంత డబ్బు పంపడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు. 1952లో జిమ్మీ ఫండ్ భవనం లేచింది, ఫార్బర్ నేలమాళిగ వదిలాడు. అక్కడ ఆయన కొత్త పద్ధతి పెట్టాడు. పిల్లకు మందిస్తే సరిపోదు, అమ్మానాన్నల మనసు, ఇంటి ఖర్చు, తిండి, అన్నీ ఒకే చోట చూడాలి అన్నాడు. పూర్తి సంరక్షణ అనొచ్చు దాన్ని. ఆ జిమ్మీ బతికాడు. పెరిగి, ట్రక్కు నడిపి, తాతయ్య కూడా అయ్యాడు. అతనిది ల్యుకేమియా కాదు, పేగుల్లో వచ్చిన మరో క్యాన్సర్.

అమినోప్టెరిన్ తరువాత దాని తమ్ముడు వచ్చింది, మెథోట్రెక్సేట్. అదీ లెడర్లే మందే. ఒక్క మందు చాలదు, కొన్ని కలిపి ఇవ్వాలని 1960లలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డోనాల్డ్ పింకెల్ బృందం గట్టిగా పట్టుకుంది. ఆ దశాబ్దం చివరికి సగం మంది పిల్లలు నిలబడ్డారు. ఇప్పుడు డబ్బున్న దేశాల్లో ఎక్కువగా వచ్చే రకం ల్యుకేమియాలో 10 మందిలో 9 మంది బతుకుతున్నారు. ఇండియాలో అంతమంది కాదు. మందు తెలియక కాదు. మధ్యలో డబ్బు అయిపోయి, లేదా ఊరు దూరమై, వైద్యం ఆపేస్తారు. ఫార్బర్ చెప్పిన తిండి, ఖర్చు సంగతి అదే.

మా గుడిలో మేం కొందరం వారానికి ఒకసారి వండి, పిల్లల వైద్యం కోసం వచ్చి బోస్టన్‌లో ఉంటున్న మన కుటుంబాలకు డబ్బాలు ఇచ్చి వస్తాం. పులిహోర, పెరుగన్నం, ఒక కూర. కీమో తీసుకునే పిల్లలకు బయటి వంట పెట్టవచ్చో లేదో ముందు నర్సును అడుగుతాం. చాలాసార్లు వద్దంటారు. అందుకని డబ్బాలు పెద్దవాళ్ళకే. పెద్దవాళ్ళు తిండి మానేస్తారు, అది మాకు బాగా తెలుసు.

రెండేళ్ళ కింద తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మమ్మగారు కలిసింది. మనవడికి 5 ఏళ్ళు. కూతురు మందుల కాగితం నా చేతికిచ్చి, “ఆంటీ, ఇవన్నీ అమ్మకు తెలుగులో రాసిపెట్టరా?” అని అడిగింది. కూర్చుని రాశాను. నా గుండ్రాలు చూసి ఆవిడ, “వదినగారూ, మీ రాత ఒకటో తరగతి పిల్లల రాతలా ముద్దుగా ఉంది” అంది. నిజమే. నాలుగో వరుసలో మెథోట్రెక్సేట్ వచ్చింది. దాని పక్కన ఈ మందు వెనక భీమవరం ఆయన ఉన్నాడని చెప్పాను. ఆవిడ కాగితం దగ్గరికి తీసుకుని చూసింది.

“మనవాడేనా? ఆయన మళ్ళీ ఊరెళ్ళాడా?”

లేదండీ, 1922లో వచ్చినవాడు తిరిగి వెళ్ళలేదు, అన్నాను.

“మరి భార్య?”

శేషగిరి గారు ఇండియాలోనే ఉండిపోయారు. మళ్ళీ కలవలేదు.

ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తరువాత ఆ నాలుగో వరుస మీద వేలు పెట్టి, దీన్ని పొద్దున వెయ్యాలా, రాత్రి వెయ్యాలా, అన్నం తిన్నాకా ముందా అని అడిగింది. నర్సును పిలిచాం. వారానికి ఒక్క రోజే, రోజూ కాదు అని ఆమె రెండుసార్లు చెప్పింది. నేను ‘వారానికి ఒక్కసారి’ అని పెద్ద అక్షరాలతో రాసి, కింద గీత గీశాను.